మసిని తుడవని పునరుద్ధరణ

మైక్ హాడ్జెస్ దర్శకత్వంలో 1971లో వచ్చిన ‘గెట్ కార్టర్’ సినిమాను నేను మొదటిసారి చూసింది అరిగిపోయిన ఒక వీడియో టేపులో. అందులో ఈశాన్య ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ నగరం, దాన్ని ఆనుకుని ప్రవహించే టైన్ నది, సముద్రతీరం అన్నీ ఒకే బురద రంగులో కలిసిపోయి ఉండేవి. రాత్రి సన్నివేశాలలో, కార్టర్‌గా నటించిన మైకేల్ కేన్ ముఖం తప్ప మరేదీ ఆనేది కాదు. ఆ తర్వాత డీవీడీ కొని చూసినప్పుడు బొమ్మ కాస్త తేటపడింది కాని, ఆ సినిమా రంగే అంతేమో అన్న అభిప్రాయం మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2022లో అసలు 35 మిల్లీమీటర్ల కెమెరా నెగెటివ్ నుంచి అత్యధిక స్పష్టత ఉండే 4కె స్థాయిలో పునరుద్ధరించి విడుదల చేసిన అల్ట్రా హెచ్‌డీ డిస్కును చూశాక, ఇన్నేళ్లుగా నేను సినిమాను కాక దాని నీడను చూస్తూ వచ్చానని అర్థమైంది. ఈ పునరుద్ధరణను హాడ్జెస్ స్వయంగా చూసి ఆమోదించారు; అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశారు.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. లండన్ నేరముఠాలో పనిచేసే జాక్ కార్టర్, తోడబుట్టిన ఫ్రాంక్ చనిపోయాడని తెలిసి సొంత ఊరైన న్యూకాజిల్‌కు వస్తాడు. తాగి కారు నడిపి చనిపోయాడని అందరూ చెబుతున్న మాటను నమ్మక ఒక్కొక్కరినే కదిలిస్తూ పోతాడు. ఇకపై రాసే దానిలో ముగింపు కూడా బయటపడుతుంది కనుక, సినిమా చూడనివారు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

పాత సినిమాలను ‘కొత్తగా మెరిపించాం’ అంటూ తెచ్చే డిస్కులంటే నాకు మొదటినుంచీ కొంత భయం. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడేదే రేణువులుగా కాబట్టి, ఆ గ్రెయిన్‌ను మచ్చలా భావించి కంప్యూటర్‌తో తుడిచేస్తే దాంతోపాటు చర్మం మీది గీతలు, కోటు నేత, గోడ మీది పెచ్చులు కూడా పోతాయి. మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. ఈ డిస్కులో ఆ పొరపాటు జరగలేదు. దుమ్మును, గీతలను తీసేశారు కాని రేణువులను ఉంచారు. మామూలు బ్లూరే కంటే నాలుగు రెట్ల పిక్సెళ్లు ఉండటం ఒక్కటే దీని బలం కాదు. చీకటికీ వెలుగుకీ మధ్య ఎన్నో మెట్లను చూపగల హెచ్‌డీఆర్ వల్ల, నలుపులో నలుపుగా కలిసిపోయిన వస్తువులు విడివిడిగా కనిపించడం మొదలుపెట్టాయి. కార్టర్ తొడుక్కున్న ముదురు కోటుకు ఒక రంగు ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ స్పష్టత కథకు కూడా పనికొచ్చింది. టైటిళ్లు పడుతుండగా కార్టర్ రైలు పెట్టెలో కూర్చుని రేమండ్ చాండ్లర్ నవల చదువుతుంటాడు. అదే పెట్టెలో ఇంకో ప్రయాణికుడు ఉంటాడు. అతని వేలికి ‘జె’ అనే అక్షరం ఉన్న ఉంగరం ఉంటుంది. సినిమా చివర సముద్రపు ఒడ్డున దూరం నుంచి కార్టర్‌ను కాల్చి చంపే చేతికి ఉన్నదీ ఆ ఉంగరమే. అంటే ఊరికి బయలుదేరిన క్షణం నుంచే మృత్యువు అతని వెంట టికెట్ కొని కూర్చుందన్నమాట. టేపులో ఆ ఉంగరం ఒక మెరుపు చుక్క మాత్రమే. ఈ విషయం ఎక్కడో చదివి తెలుసుకున్నవాణ్ణే తప్ప, నా కళ్లతో నేను పట్టుకోవడం ఇదే మొదలు.

అయితే ఈ డిస్కు వల్ల అందరికంటే ఎక్కువ న్యాయం జరిగింది ఛాయాగ్రాహకుడు వోల్ఫ్‌గాంగ్ సుషిట్స్కీకి అని నా అభిప్రాయం. 1912లో వియన్నాలో పుట్టి, 1930లలో ఇంగ్లండ్ చేరి, లండన్‌లోని చేరింగ్ క్రాస్ రోడ్డు పుస్తకాల దుకాణాలను, వాటి ముందు నిలబడి చదువుకునేవారిని ఫొటోలు తీసిన మనిషి ఆయన. ఆ తర్వాత ఎన్నో డాక్యుమెంటరీలకు పనిచేశారు. హాడ్జెస్ కూడా టెలివిజన్ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవారే, థియేటర్ల కోసం తీసిన మొదటి సినిమా ఇదే. సినిమాకు ఆధారమైన టెడ్ లూయిస్ నవలలో కథ న్యూకాజిల్‌లో జరగదు. నౌకాదళంలో పనిచేసిన రోజుల్లో ఈశాన్య రేవులలోని పేదరికాన్ని కళ్లారా చూసిన హాడ్జెస్ కథను అక్కడికి మార్చారు. ఇలాంటి ఇద్దరు కలిసి 1970లో అక్కడి వీధులలో తీసిన సినిమా కాబట్టి, హత్యలు ముందు జరుగుతున్నా వెనక ఊరు తన బతుకు తాను బతుకుతుంటుంది. కార్టర్ రైలు దిగగానే వెళ్లే పబ్బులో బల్ల దగ్గర నిలబడినవారి ముఖాలను ఈసారి ఆపి ఆపి చూశాను. వాళ్లు నటుల్లా లేరు. ఒకాయన చొక్కా కాలరు అరిగి నూలు పోగులు లేచి ఉంది. ఇంకొకాయన కార్టర్‌ను ఎగాదిగా చూసి మళ్లీ తన గ్లాసులోకి తల దించుకుంటాడు.

ఒక్క లోపాన్ని మాత్రం ఏ పునరుద్ధరణా సవరించలేదు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన పాత్రను పోషిస్తూ కేన్ ఆద్యంతం లండన్ యాసలోనే మాట్లాడతారు. మిగతా ప్రధాన నటులలోనూ అక్కడి యాస పలికినవారు తక్కువ. కార్టర్‌కు సాయపడే కీత్ పాత్ర వేసిన ఆలన్ ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాజిల్ పక్కనున్న డరమ్ ప్రాంతంవాడే కావడం వల్ల ఆయన నోరు విప్పినప్పుడల్లా మిగతావారి యాస మరీ తేలిపోతుంది.

సంగీతం గురించి చెప్పకపోతే నాకు తోచదు. సంగీత దర్శకుడు రాయ్ బడ్ వయసు అప్పటికి ఇరవై మూడేళ్లు. టైటిల్ సంగీతంలో ఉన్నవి హార్ప్సికార్డ్ అనే పాతకాలపు మీటల వాద్యం, డబుల్ బాస్, వాటితోపాటు తబలా! తబలా వాయించినది క్రిస్ కరాన్ అనే డ్రమ్మర్. రైలు చక్రాల చప్పుడు, సొరంగంలో దూరినప్పటి హోరు, వాటి మధ్య తబలా దరువు ఒకదానిలో ఒకటి కలుస్తూ విడిపోతూ సాగుతాయి. ఆ మూల ధ్వని మోనోయే అయినా, చక్రాల లయ ఎక్కడ ఆగి తబలా ఎక్కడ అందుకుంటుందో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లండ్ పారిశ్రామిక నగరానికి వెళ్లే రైలుకు తబలా ఎందుకు తట్టిందో గాని, అది లేని ఆ ప్రయాణాన్ని ఇప్పుడు ఊహించలేను.

ఇక టైన్ నదికి అవతలి ఒడ్డునున్న గేట్స్‌హెడ్‌లోని ట్రినిటీ స్క్వేర్ కార్ పార్కు. ఓవెన్ లూడర్ సంస్థ రూపొందించిన ఆ కాంక్రీటు కట్టడం 1967లో తయారైంది. పై అంతస్తులో రెస్టారెంటు కోసం కట్టిన గది ఒక్కనాడూ తెరుచుకోలేదు. బ్రంబీ అనే వ్యాపారి ఆ రెస్టారెంటును పెట్టబోతున్నానని సినిమాలో మురిసిపోతాడు, కార్టర్ అతణ్ణి అక్కడినుంచే కిందికి తోసేస్తాడు. ఈ డిస్కులో ఆ కాంక్రీటు మీద చెక్క అచ్చుల చారలు, వాన నీళ్లు కారిన మరకలు కనిపిస్తాయి. కట్టడాన్ని 2010లో కూల్చేశారు. స్థానిక కౌన్సిల్ ఆ కాంక్రీటు ముక్కలను డబ్బాలలో పెట్టి ఒక్కొక్కటి 5 పౌండ్లకు అమ్మింది. చాలాకాలం ఊరివాళ్లు అసహ్యించుకున్న భవనం ముక్కలను సినిమా పుణ్యమా అని జనం కొనుక్కున్నారంటే నవ్వొస్తుంది.

చివరి సన్నివేశం తీసిన బ్లాక్‌హాల్ తీరం కూడా ఇప్పుడు అలా లేదు. అక్కడి బొగ్గు గని వ్యర్థాన్ని తీగల మీద వేలాడే బకెట్లలో మోసుకెళ్లి సముద్రంలో గుమ్మరించేవారు. ఫ్రాంక్ చావుకు కారకుడైన ఎరిక్‌ను తరిమి తరిమి పట్టుకుని చంపిన కార్టర్, ఆ శవాన్ని అలాంటి ఒక బకెట్‌లో పడేసి, అది నెమ్మదిగా సముద్రం మీదికి వెళ్లి బోర్లపడటం చూస్తూ నవ్వుతాడు. గని 1981లో మూతపడింది. తర్వాతి కాలంలో తీరాన్ని శుభ్రం చేశారు. టేపులో నాకు అది మబ్బు పట్టిన మామూలు ఒడ్డులాగే ఉండేది. ఇప్పుడు చూస్తే ఇసుక అనుకున్నది ఇసుక కాదు, బొగ్గు తుక్కు. అల విరిగినప్పుడు లేచే నురగ కూడా బూడిద రంగులో ఉంది. తుపాకీ పేలుతుంది, కార్టర్ నేలకొరుగుతాడు, కేన్ ముఖానికి అంగుళం దూరం దాకా ఆ మురికి నీరు వచ్చి, నల్లటి పలుకులను అక్కడే వదిలి వెనక్కి పోతుంది.