కాచిగూడ నుంచి మక్తల్ దాకా, ప్రతి స్టేషన్లో ఆగుతూ

హైదరాబాద్–బెంగళూరు హైస్పీడ్ రైలు వస్తే పాలమూరుకు ఏమొస్తుందని మా వైపు ఎవరినడిగినా మాట భూముల రేట్ల దగ్గరికే పోతోంది. 2026 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో ఇదొకటి. హైదరాబాద్–చెన్నై, పుణె–హైదరాబాద్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రాబోయే రైలు గురించి ఇంత చర్చ జరుగుతుంటే, ఇప్పుడు నడుస్తున్న రైలు ఎట్లా ఉందో ఒకసారి కూర్చుని చూడాలనిపించింది. ఎండాకాలంలో ఒకరోజు కాచిగూడలో రాయచూరు పోయే డెమూ, అంటే ఊరూరా ఆగే లోకల్ బండి, ఎక్కాను. మక్తల్‌కు టికెట్ తీసుకున్నాను.

ఫలక్‌నుమా, బుద్వేల్, ఉందానగర్ దాటేదాకా నగరం మనల్ని వదలదు. తిమ్మాపూర్ తర్వాత గుట్టలు మొదలవుతాయి. వాటి మధ్య ఎర్రనేల, ఆ నేలలో వరసగా పాతిన ప్లాట్ల హద్దురాళ్ళు. షాద్‌నగర్‌లో సగం బోగీ దిగింది, దిగినవాళ్ళకంటే ఎక్కువమంది ఎక్కారు. సీతాఫలాల కాలమైతే బాలానగర్ దగ్గర బుట్టలతో తలుపులు నిండిపోయేవి. దేశంలో ఎక్కడ సీతాఫలం తోట వేసినా బాలానగర్ రకం పేరు వినబడుతుంది, ఆ ఊరు ఇదే. ఇప్పుడు ముంజలు అమ్మే ఒక్క మనిషి కనబడ్డాడు.

నా ఎదురుగా ఒక పెద్దావిడ, కాళ్ళ దగ్గర సద్దిమూట. షాద్‌నగర్‌లో బిడ్డ ఇంటికొచ్చి దేవరకద్రకు తిరిగిపోతోంది. ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కదా, రైలెందుకెక్కావవ్వా అని అడిగాను.

"బస్సుల నిలవడితే మోకాళ్ళు వోతయి బిడ్డా. ఈడ కూసుంట, మూట పెట్టుకుంట. బాత్రూం గూడ ఉంటది."

ఈ మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. ఊరి స్టేషన్లో టికెట్లు తక్కువ తెగుతున్నాయంటే అక్కడ రైలు అవసరం లేదని లెక్కగట్టడం సులువు. బస్సు ఉచితమైతే టికెట్లు తగ్గుతాయి. కరోనాలో ఆగిపోయిన ప్యాసింజర్లు మళ్ళీ మొదలైనప్పుడు పది రూపాయల కనీస ఛార్జీ ముప్పై అయింది, 2024 ఫిబ్రవరిలో గానీ పాత ఛార్జీ తిరిగి రాలేదు. ఆ కాలంలో రైలు అలవాటు తప్పినవాళ్ళు ఎంతమందో! మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి రైలు ఎంత అవసరమో టికెట్ల లెక్కలో కనబడదు.

ఉందానగర్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. 85 కిలోమీటర్లు. జడ్చర్ల దాకా బండి మంచి ఊపు మీద నడిచింది. జడ్చర్లలో పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు ఎక్కాడు. నైట్ షిఫ్ట్ అయ్యాక రూంలో పడుకుని, ఇప్పుడు ఊరికి పోతున్నాడట. "డబల్ లైన్ అయిందన్నరు గదా అన్నా, బండ్లు గూడ డబల్ అయితయనుకున్నం" అన్నాడు. వాడి షిఫ్ట్ వేళలకూ బండి వేళలకూ పొంతన కుదరదట. చాలా రోజులు షేర్ ఆటోలోనే పోతాడట.

వాడన్నదే అసలు విషయమని నా నమ్మకం. ఒకే పట్టా మీద వేగంగా పోయే బండీ ఊరూరా ఆగే బండీ నడిస్తే, మొదటిదానికి దారి ఇవ్వడానికి రెండోదాన్ని స్టేషన్లో పక్క పట్టా మీద, అంటే లూప్ లైన్లో నిలబెట్టాల్సిందే. వేగాల మధ్య తేడా పెరిగేకొద్దీ ఆ లైను మోయగలిగిన బండ్ల సంఖ్య తగ్గుతుంది. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు మహబూబ్‌నగర్ తర్వాత మళ్ళీ కర్నూలులోనే ఆగేట్టు వేశారు. ఇక హైస్పీడ్ రైలు ఈ పట్టాలమీదికి రానే రాదు. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు వేస్తున్నది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్, గంటకు 320 కిలోమీటర్ల వేగానికి. అక్కడ 508 కిలోమీటర్లకు 12 స్టేషన్లు. అదే లెక్క మన దగ్గర పెడితే మహబూబ్‌నగర్ దాకా మహా అయితే ఒకటో రెండో. దేవరకద్రకూ కౌకుంట్లకూ కురుమూర్తికీ ఈ పాత లైనే దిక్కు.

దీన్ని నేను రెండు రకాలుగా చూస్తున్నాను. దూరప్రయాణాల బండ్లు కొన్ని కొత్త దారికి మళ్ళితే పాత లైను ఖాళీ అవుతుంది, అందులో లోకల్ బండ్లు నడపొచ్చు. ఇది వరం. కానీ ఇది దానంతటది జరగదు. జపాన్‌లో 1997 అక్టోబర్ 1న నాగానో షింకన్‌సెన్ (అక్కడి బుల్లెట్ రైలు) మొదలైన రోజే, దాని పక్కన పాత లైనులో యోకోకావా–కరుయిజావా మధ్య 11 కిలోమీటర్ల కొండదారి మూతపడింది. అక్కడి జనానికి బస్సు మిగిలింది. కరుయిజావా నుంచి ముందుకు పోయే పాత లైనును రాష్ట్రం, స్థానిక పట్టణాలు వాటాలు పెట్టిన చిన్న కంపెనీకి అప్పగించారు. పెద్ద రైలు లాభం ఒకరికి, ఊరి రైలు నష్టం ఊళ్ళకు. అంత క్రమశిక్షణగా రైళ్ళు నడిపే దేశంలోనే ఇట్లా జరిగిందంటే, మనం ముందే అడగకుండా ఎట్లా ఉంటాం?

మహబూబ్‌నగర్ దాటాక మన్యంకొండలో ఎదురుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం క్రాసింగ్‌లో ఆగాం. డోన్ దాకా రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. పేదల తిరుపతి అని పాలమూరు పిలుచుకునే గుట్ట కిటికీలోంచి కనబడుతోంది. అవ్వ కూర్చున్నచోటి నుంచే దండం పెట్టుకుంది. ఎక్స్‌ప్రెస్ దుమ్ము లేపుకుంటూ పోయింది, చాలాసేపటికి మాకు సిగ్నల్ వచ్చింది.

దేవరకద్రలో అవ్వ దిగింది, మూట నేను అందించాను. అక్కణ్ణుంచి బండి కొత్త లైనుకు తిరిగింది. మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైను మంజూరైంది 1997–98లో. అందులో మన తెలంగాణ వైపు చివరి ముక్క, జక్లేర్ నుంచి కృష్ణ దాకా 37 కిలోమీటర్లు, ప్రారంభమైంది 2023 అక్టోబర్ 1న. అంటే ఒక తరం పిల్లలు పుట్టి, పెద్దయి, బొంబాయికి వలస పోయేంత కాలం. మరికల్, జక్లేర్, మక్తల్. కొత్త ప్లాట్‌ఫాంలు, వాటి చుట్టూ పత్తి ఏరేసిన చేన్లు.

హైస్పీడ్ రైలు వద్దని నేననను. రమ్మనే అంటాను. కాకపోతే దాని ప్రాజెక్టు నివేదికలోనే పాత లైను టైంటేబుల్ కూడా రాసి ఉండాలి. ఖాళీ అయిన పట్టాలమీద ఎన్ని లోకల్ బండ్లు, ఏ వేళల్లో, ఏ స్టేషన్లలో ఆగుతాయో అందులో తేలాలి. కొత్త స్టేషన్ ఊరికి దూరంగా కడితే పాత స్టేషన్ నుంచి అక్కడికి చేరే ఏర్పాటు కూడా అందులోనే ఉండాలి. అలైన్‌మెంట్, అంటే రైలు పోయే దారి, ఖరారు కాకముందే ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఈ ప్రశ్న వేయాలి, వాళ్ళు వేసేదాకా మనం వాళ్ళను అడగాలి.

మక్తల్‌లో నాతో దిగిన ముగ్గురు చేనేత పనివాళ్ళను, మీకే టైంటేబుల్ రాసే అవకాశమిస్తే ఏం రాస్తారని అడిగాను. ఒకాయన ఆలోచించకుండా చెప్పాడు: "పొద్దుగాల పట్నం వోయి, సరుకిచ్చి, పైసలు దీసుకోని అదే రోజు ఇంటికి వచ్చేటట్టు ఒక బండి. గంతే సార్." మిగతా ఇద్దరూ అదే అన్నారు.