మినీ ట్రాక్టర్ ఆయిల్ ఫిల్టరు ఊడదీసేసరికి (నా అనుభవం)

గోళ్లలో నల్ల ఆయిలు ఇంకా వదల్లేదు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో ఇది కొడుతున్నాను. అరగంటలో అయిపోవాల్సిన పనికి ఇవాళ నాలుగు గంటలు పట్టింది. అందులో ఒక గంట నేనేం చేశానో చెప్పుకోవాలంటే ఇంకా సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను.

మాది నల్లగొండ వైపు, నాలుగెకరాల బత్తాయి తోట. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి పెద్ద ట్రాక్టర్ సాళ్లలో దూరదు. దూరిందా, కొమ్మలు విరిచి పోతుంది. అందుకే మూడేళ్ల కింద చిన్న బండి తీసుకున్నాను. ఈ ఏడు తొలకరి పడగానే గడ్డి మోకాలెత్తు లేచింది, గడ్డిని మట్టిలో కలిపి దున్నే రొటవేటర్ తిప్పాలి. చూస్తే గంటల మీటరు 310 దాటింది. మా బండి పుస్తకం ప్రకారం 300 గంటలకే ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చాలి. షోరూముకు పోతే రానూపోనూ ఒక రోజు, వాళ్ల దగ్గర నిలబడడానికి ఇంకో రోజు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని, ఈ మాత్రం మనమే చేసుకోలేమా అనుకున్నాను.

ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆయిలు వేడెక్కనిచ్చి, ఆపి, కింద టబ్బు పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాను. ఆయిలు దిగిపోయింది. బోల్టుకి కొత్త రాగి వాషరు వేసి బిగించాను. ఇంతవరకు పది నిమిషాలు.

తర్వాత ఫిల్టరు, అంటే ఆయిలును వడకట్టే రేకు డబ్బా. మా బండికి అది ఇంజిన్ పక్కన, మూతి పైకి ఉన్న చెంబులా కిందికి వేలాడుతూ ఉంటుంది. కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని, చేత్తో ఎడమకు తిప్పాను. కదల్లేదు. గుడ్డ పట్టి తిప్పాను. గరుకు కాగితం చుట్టి తిప్పాను. పాత ఫ్యాన్ బెల్టు ముక్క చుట్టి, దాని రెండు కొసలూ కలిపి గుంజాను. బెల్టు జారిపోయి నా మోచెయ్యి స్టీరింగ్ రాడ్డుకు కొట్టుకుంది. కింద చెయ్యి ఆడే చోటు లేదు. సరే అని మా ఊళ్లో మోటార్లు దించే అతని దగ్గర చైన్ పానా (గొలుసు చుట్టి తిప్పేది) అడిగి తెచ్చి, బానెట్ ఎత్తి పైనుంచి వంగాను. పైనుంచి చోటు బాగుంది, బలం కూడా పడుతోంది. పానా పిడికి అడుగున్నర ఇనుప పైపు కూడా తొడిగాను. పిడి పొడవు పెరిగితే తిప్పే బలం పెరుగుతుందని ఎన్ని వందలమందికి చెప్పి ఉంటానో! ఎడమకు, ఎడమకు, ఇంకా ఎడమకు. గంటసేపు. చొక్కా తడిసిపోయింది.

మా ఆవిడ పక్కన నిలబడి ఫోన్ లైటు పట్టుకుంది. చాలాసేపు ఊరుకుని, చివరికి అంది:

"ఏమండీ, ఇందాక కింద పడుకుని ఎడమకు తిప్పారు. ఇప్పుడు పైనుంచి కూడా ఎడమకే తిప్పుతున్నారేంటి?"

"ఎటునుంచైనా విప్పడమంటే ఎడమకే" అన్నాను, కొంచెం కసురుతూనే.

ఆవిడ మారు మాట్లాడలేదు. పక్కనున్న నీళ్ల సీసా తీసి, తలకిందులు చేసి, నా కళ్ల ముందు పట్టి మూత తిప్పింది. సీసా అడుగు వైపు నుంచి చూస్తున్న నాకు ఆ మూత కుడికి తిరుగుతూ ఊడింది. నీళ్లు నా చెప్పుల మీద పడ్డాయి.

అంటే గంటసేపుగా నేను ఫిల్టరు బిగిస్తున్నాను. పైపు తొడిగి మరీ బిగిస్తున్నాను. పదో తరగతికి కుడిచేతి బొటనవేలు నియమం బొమ్మ వేసి మరీ చెప్పినవాణ్ని! ఫిల్టరు ఎటు రావాలో అటువైపు కుడిచేతి బొటనవేలు చూపించండి, మిగతా వేళ్లు ఏ వైపు ముడుచుకుంటాయో ఆ వైపు తిప్పండి. మీరు ఎక్కడ నిలబడినా, పడుకున్నా ఇది తప్పదు. అయస్కాంత క్షేత్రానికి తప్ప ఆ బొటనవేలిని ఇంకెక్కడా వాడొచ్చని నాకే తట్టలేదు. మార్కుల కోసం చెప్పే చదువు ఇలాగే ఉంటుంది.

సరైన వైపు తెలిశాక కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. గంట బిగింపు తర్వాత అది ఎందుకు కదులుతుంది? చైన్ పానా ఇంకాస్త లాగేసరికి ఫిల్టరు డబ్బా నడుం దగ్గర నొక్కుకుపోయింది. మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేస్తే "పెదనాన్నా, పెద్ద స్క్రూడ్రైవర్ అడ్డంగా దించి తిప్పెయ్, అంతే" అన్నాడు. దించాను. లోపల మిగిలిన ఆయిలు చొక్కా చేతిలోంచి చంక దాకా పాకింది. తిప్పితే రేకు చిరిగింది తప్ప ఫిల్టరు తిరగలేదు. బొటనవేలు తెగింది కూడా అప్పుడే. స్క్రూడ్రైవర్ సలహా ఎవరిచ్చినా వినకండి. అది మామూలుగా బిగిసిన ఫిల్టరుకు పని చేస్తుందేమో, మొండిగా పట్టుకున్నదానికైతే రేకు చిరిగి, పట్టుకోవడానికి ఉన్న ఆ కాస్త ఆధారం కూడా పోతుంది.

షోరూముకు ఫోన్ చేశాను. "బండి తీసుకురండి సార్, చూద్దాం" అన్నారు. ఆయిలు లేని బండిని, చిరిగిన ఫిల్టరుతో, ఎలా తీసుకురావాలయ్యా? నెత్తిన పెట్టుకునా? అసలు ఈ పాపం వాళ్లదే. 50 గంటల సర్వీసప్పుడు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ కుర్రాడు కొత్త ఫిల్టరు డబ్బాలోంచి తీసి, రబ్బరు రింగుకు చుక్క ఆయిలు కూడా పూయకుండా, పానా వేసి కిర్రుమనేదాకా బిగించాడు. పుస్తకంలో చేత్తో బిగిస్తే చాలని ఉంది కదా అని నోటిదాకా వచ్చింది. వాళ్ల పని వాళ్లకు తెలీదా అని ఊరుకున్నాను. పొడి రబ్బరు మూడేళ్లు ఇంజిన్ వేడికి కాలి ఇనుముకు అతుక్కుపోయింది. బిల్లులో లేబర్ చార్జీ మాత్రం మర్చిపోకుండా వేశారు.

చివరికి చైన్ పానా ఇచ్చినతనే, ఎంతకీ తిరిగి ఇవ్వలేదని వెతుక్కుంటూ వచ్చాడు. చూసి నవ్వలేదు, అదొక్కటి అతని మంచితనం. చిరిగిన డబ్బాని కటింగ్ ప్లయర్‌తో ముక్కలు ముక్కలుగా లాగేశాడు. ఇంజిన్‌కి అతుక్కుని, చుట్టూ చిల్లులున్న మందపాటి పళ్లెం ఒకటే మిగిలింది. సన్నని ఉలి తెచ్చి ఆ పళ్లెం అంచుకు ఏటవాలుగా ఆనించి, ఊడే వైపు, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేశాడు. ఒకేచోట కాదు, చుట్టూ మార్చి మార్చి. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో వెంట్రుకవాసి కదిలింది. ఆ తర్వాత చేత్తోనే వచ్చేసింది. ఉలి జారి ఇంజిన్ వైపు నున్నటి ముఖానికి గీటు పడిందా, ఇక ఎన్ని కొత్త ఫిల్టర్లు వేసినా కారుతూనే ఉంటుందని, మధ్యలో ఫిల్టరు ఎక్కే మరలున్న గొట్టానికి దెబ్బ తగలకూడదని హెచ్చరిస్తూనే చేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. టీ తాగి, పానా తీసుకుని వెళ్లాడు.

నేను ఆనందంలో కొత్త ఫిల్టరు ఎక్కించబోయాను. మళ్లీ ఆవిడే "ఆ నల్ల గీత ఏంటి?" అంది. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది. దాని మీద కొత్త రింగు వేసి బండి నడిపితే ఆయిలంతా ఆ సందులోంచి చిమ్మి ఇంజిన్ పట్టేసేది. గోటితో, గుడ్డతో మెల్లగా తీసేశాను.

కొత్త రింగుకు ఆయిలు పూసి, రింగు ఆనేదాకా చేత్తో తిప్పి, ఆ పైన ముప్పావు చుట్టు. పానా వెయ్యలేదు. 15డబ్ల్యూ40 గ్రేడు ఇంజిన్ ఆయిలు పోసి స్టార్ట్ చేస్తే ప్రెజర్ లైటు కాసేపటికి ఆరిపోయింది. ఆపి, కొంచెంసేపు ఆగి, పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గింది, ఇంకాస్త పోశాను. పాత ఆయిలు క్యానులో పోసి పక్కన పెట్టాను. కాలువ గట్టున పారబోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఆ నీళ్లే కదా మళ్లీ చెట్లకు పెట్టేది.

సాయంత్రం ఫిల్టరు మీద తేదీ, గంటలు మార్కరుతో రాశాను. బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతో బాణం గుర్తు వేసి "విప్పడానికి ఇటు, పైనుంచి చూస్తే" అని రాశాను. మా ఆవిడ వచ్చి చూసి, పక్కన సీసా బొమ్మ కూడా వెయ్యమంది.