పువ్వు తెంచి దుంపను పెంచే ఊరు

మా అమ్మ పుట్టిల్లు సఖినేటిపల్లి. చిన్నప్పుడు నరసాపురం వెళ్లాలంటే గోదావరి మీద పంటు ఎక్కవలసిందే. అందుకని ఏప్రిల్ నెలాఖరులో ఇంగ్లండు తూర్పుతీరాన ఉన్న హారిచ్ రేవునుంచి, తులిప్ తోటలు చూడడానికి హాలండుకు ఓడలో వెళదామని, కారును కూడా అందులోనే ఎక్కిస్తారని చెప్పినప్పుడు ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. పంటు మీద బస్సులే ఎక్కుతాయి కదా అంది. తీరా రేవులో, పావు కిలోమీటరు పొడవున దీపాలు వెలిగించుకుని నిలబడ్డ ఆ ఓడను చూశాక మాత్రం, "ఇది పంటేమిట్రా, వీధికి వీధే నీళ్లమీదకొచ్చి నిలబడినట్టుంది" అంది.

అమ్మకు హాలండు వెళ్లడానికి కావలసిన షెన్‌గెన్ వీసా హైదరాబాదులోనే తీసుకుని ఉండడం మేము చేసిన తెలివైన పని. తెలివితక్కువ పని తిండి విషయంలో జరిగింది. బ్రిటన్‌నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు మాంసమూ పాలపదార్థాలూ తీసుకుపోకూడదన్న నిబంధన నాకు దారిలో గుర్తుకొచ్చింది. దాంతో మర్నాటికని కలిపిన పెరుగన్నం గిన్నెడూ రేవు దగ్గర వరుసలో నిలబడ్డ కారులోనే ముగ్గురమూ తినేశాము. పులిహోరకు అభ్యంతరం లేదు కనుక అది మాతో వచ్చింది. రాత్రి ప్రయాణానికి క్యాబిన్ తప్పనిసరి. రాత్రి పదకొండుకు కదిలిన ఓడ, గడియారం ఒక గంట ముందుకు జరుపుకుని చూస్తే, ఉదయం ఎనిమిదికి హుక్ ఆఫ్ హాలండ్ చేరింది. ఉత్తరసముద్రం ఆ రాత్రి మమ్మల్ని దయగా చూసింది. నా భార్యకు మాత్రం ఆ దయ కూడా కాస్త ఎక్కువైనట్టు తెల్లవారేసరికి ముఖం పాలిపోయి ఉంది.

రేవు దాటగానే మొదట కనబడేవి పూలు కావు, అద్దాల ఇళ్లు. వెస్ట్‌లాండ్ అనే ఆ ప్రాంతమంతా కూరగాయలూ మొక్కలూ పెంచే గాజు పందిళ్లే. లైడెన్ ఊరిని పక్కనుంచి దాటాము. ఇక్కడి విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర ఉద్యానంలోనే 1593లో క్లూసియస్ అనే పండితుడు తులిప్ దుంపలు నాటించాడు. ఒట్టోమన్ తుర్కుల తోటలనుంచి వచ్చిన ఈ పువ్వు మీద పిచ్చి ముదిరి, దుంపల ధరలు ఆకాశానికంటి, 1637 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కూలిపోయిన కథ అందరికీ తెలిసిందే. అంతకంటె నాకు ఆసక్తి కలిగించింది నేల. ఇక్కడ ఒకప్పుడు ఉన్న ఇసుకదిబ్బలను పట్టణాల నిర్మాణం కోసం తవ్వి తరలించగా మిగిలిన ఇసుకనేలలోనే ఈ దుంపల సేద్యం స్థిరపడింది. భూగర్భజలాన్ని నేలమట్టానికి సుమారు 60 సెంటీమీటర్ల దిగువన, కాలువల సాయంతో, ఏడాది పొడుగునా కట్టడి చేస్తారు. దుంప వేళ్లకు తడి అందాలి కాని దుంప కుళ్లకూడదు.

లిస్సే ఊరిలోని క్యూకెన్‌హాఫ్ తోట ఏడాదికి సుమారు ఎనిమిది వారాలు మాత్రమే తెరిచి ఉంటుంది. పదిహేనో శతాబ్దిలో బవేరియా జాకోబా అనే దొరసాని వంటశాలకు కూరగాయలూ పండ్లూ ఇక్కడినుంచే వెళ్లేవట. పేరులోని 'క్యూకెన్' అంటే వంటిల్లే. దుంపల రైతులూ వ్యాపారులూ కలిసి 1949లో ఇక్కడ ప్రదర్శన తోట తలపెట్టి, 1950లో జనానికి తెరిచారు. 32 హెక్టార్లలో ఏటా శరదృతువులో సుమారు 70 లక్షల దుంపలను చేతితోనే నాటుతారు. ఒక మడి దగ్గర వంగి చూస్తే, ఎర్రని తులిప్ కాడల మధ్య గడ్డిపోచల్లాంటి సన్నని ఆకులు పసుపుబారి వాలిపోయి కనిపించాయి. అవి మార్చిలోనే పూసి రాలిన క్రోకస్ అనే చిన్న పూలమొక్కల ఆకులు. ఆలస్యంగా పూసే తులిప్ దుంపను అడుగున, ముందుగా పూసేదాన్ని దానిమీద, క్రోకస్‌ను అన్నిటికంటె పైన పెడతారు కనుక, ఒకే మడి వంతులవారీగా పూస్తూ పోతుంది.

అమ్మకు తులిప్ పువ్వు అంతగా నచ్చలేదు. చాలావాటికి వాసన లేదని ఆమె ఫిర్యాదు. వాసన లేని పువ్వు గోడమీది బొమ్మతో సమానమంది. ఘాటుగా వాసన వేసే హయసింత్ పూల మడుల దగ్గర మాత్రం కదలనంది. ఆ పేరు వినగానే మా కోనసీమ కాలువలను పూడ్చేసే గుర్రపుడెక్క నాకు గుర్తుకొచ్చింది. దాన్నీ ఇంగ్లీషులో నీటి హయసింత్ అంటారు కాని, ఈ పువ్వుకూ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

తోటలోని గాలిమర పక్కనుంచి, చప్పుడు చేయని విద్యుత్ పడవలు చుట్టుపక్కల పొలాలవైపు బయలుదేరతాయి. నా మటుకు, టికెట్టు డబ్బు గిట్టింది ఆ ముప్పావుగంటలోనే. తోట అన్నది అంగడిలో పెట్టిన అలంకారం. ఊరి అసలు బతుకు ఈ పొలాల్లో ఉంది. చీరెలు ఆరవేసినట్టు పసుపు, గులాబి, ఊదా చారలు. వాటిలో ఒక చార మీద యంత్రం మెల్లగా పోతున్నది. అది పోయిన మేరా రంగు మాయమై పచ్చని ఆకు మాత్రమే మిగులుతున్నది. పూల తలలు కోసేస్తున్నారు!

పువ్వు గింజ కడితే దుంపకు చేరవలసిన బలం దానికి పోతుంది. అందుకని పూసినవి జాతిలో సరైనవో కావో, తెగులు ఏదైనా ఉందో చూసుకుని తల తెంచేస్తారు. ఆకు ఎండేదాకా ఉండి దుంపను లావు చేస్తుంది. వేసవిలో తవ్వి తీస్తారు. రైతు అమ్ముకునేది దుంపనే. నేను ఇదంతా అమ్మకు విడమరచి చెబుదామని గొంతు సవరించుకునేలోపే ఆమె, "గెల బలియాలని మనవాళ్లు అరటిపువ్వు కోసెయ్యరూ, అలాగే" అంది. తరవాత కాసేపాగి, ఆ దుంప తింటారా అని అడిగింది. 1944–45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణలో తిండి దొరక్క ఈ దేశపు జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారని చెప్పాను. ఆమె మాట్లాడకుండా పొలాలవైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం తిరుగుదారిలో పొలంగట్టున కోసిన పూల కుప్ప కనబడితే అమ్మ కారు ఆపించింది. పొలంలోకి దిగకుండా, రోడ్డువారన దొర్లిన రెండు పూలు మాత్రం ఏరుకుంది. వేలెడు కాడ కూడా లేని ఆ పువ్వులను ఎలా కట్టాలో ఆమెకు తోచలేదు. గోదావరి దాటేటప్పుడు చేసినట్టే, ఒకదాన్ని కళ్లకద్దుకుని పక్కనున్న కాలువలోకి వదిలింది. పువ్వు పడినచోటే నిలబడిపోయింది.

"నీళ్లు కదలవేమిట్రా?"

"కదలనివ్వరమ్మా" అన్నాను. ఓడకు ఇంకా మూడు గంటల టైముంది. పులిహోర డబ్బా అక్కడే గట్టుమీద విప్పాము.