దుబాయి డ్యూటీ, మిర్యాలగూడ కాంటా

దుబాయిలో సర్వర్లు చూసుకునేవాడికి శనివారం రాత్రే అసలు పని. 2022 జనవరిలో ఇక్కడి ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారాక మా కంపెనీ కూడా అదే పాటిస్తోంది కాబట్టి, ఆఫీసు మూతపడిన ఆ వేళలోనే హోస్టులకు (అసలు సర్వర్ యంత్రాలకు) ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, వేయాలి. ఒక్కో హోస్టు మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, నడుస్తుంటాయి. వాటిని ఆపకుండానే పక్క హోస్టుకు తరలించి, ఖాళీ అయినదాన్ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి, అప్‌గ్రేడ్ చేసి, మళ్లీ నింపుతూ పోయేసరికి తెల్లవారుతుంది.

ఈ పనిని వాయిదా వేయకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 2023 ఫిబ్రవరిలో వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఉన్న వేలాది హోస్టులు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. దాడికి దారి ఇచ్చిందని అనుమానించిన లోపానికి 2021 ఫిబ్రవరిలోనే ప్యాచ్ వచ్చింది. హోస్టు ఒక్కటి దొరికితే దాని మీదున్న మెషీన్లన్నీ ఒకేసారి దొరికినట్టే.

అప్‌గ్రేడ్‌కు ముందు స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితి) తీసుకుని, అదే బ్యాకప్ అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్కు ఫైలు కదలకుండా ఉండిపోతుంది, కొత్తగా రాసేదంతా పక్కన మరో ఫైలులో చేరుతుంది. ఆ ఫైలు రోజురోజుకూ పెరిగి డేటాస్టోర్‌ను (మెషీన్ల ఫైళ్లుండే స్టోరేజీని) నింపేస్తే మెషీన్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ చెప్పేది ఇందుకే. పైగా మామూలుగా రెండు ఫైళ్లూ ఒకే స్టోరేజీలో ఉంటాయి కనుక, అది పోతే రెండూ పోతాయి. వెనక్కి వచ్చే దారి వేరే చోట ఉండాలి, ఆ దారిలో ఒకసారి నడిచి చూసి ఉండాలి.

ఈ మాట మా ఊరి వైపు కూడా అంతే బలంగా పనికొచ్చింది. మా తమ్ముడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లెక్కలు చూస్తాడు. లారీలు తూచే కాంటా సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీద తప్ప నడవదు, రాసిచ్చినవాళ్లు ఇప్పుడు దొరకరు, కంప్యూటరు హార్డ్‌డిస్కేమో చెడిపోయే దశకు వచ్చింది. "అన్నా, ఇది బంద్ పడితే లారీలు గేటు కాడనే ఆగుతయి" అని వాడు ఫోన్ చేశాడు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది కాబట్టి, దాన్ని అలాగే ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచడం నాకు నచ్చలేదు.

డిస్క్‌టువీహెచ్‌డీ అనే ఉచిత పనిముట్టుతో ఆ పాత డిస్కును మొత్తంగా ఒక ఫైలుగా మార్పించి, కొత్త విండోస్ 11 కంప్యూటరులో వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి, అందులో తెరిపించాను. మెషీన్ లేచింది, కానీ కాంటా నుంచి బరువుకు బదులు పిచ్చి అక్షరాలు వచ్చాయి. తీగ మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి కాంటా ఇండికేటరులోని (బరువు చూపే పెట్టెలోని) బాడ్ రేటునూ, అంటే డేటా పంపే వేగాన్నీ, కంప్యూటరులో కాంటా తీగ తగిలే సీరియల్ పోర్టు బాడ్ రేటునూ తమ్ముడి చేత పక్కపక్కన చదివించి ఒకటి చేయించగానే అంకెలు సరిగా పడ్డాయి. ఆ తర్వాత ఆ వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ కార్డును పూర్తిగా తీసేయించాను. కాంటాకు ఇంటర్నెట్‌తో పనేమీ లేదు.

కొత్త కంప్యూటరుకు బయోస్ (కంప్యూటరును మొదట లేపే ప్రోగ్రాము) అప్‌డేట్ చేసే ముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో దాచమన్నాను. బయోస్ మారితే, బిట్‌లాకర్ తాళంచెవిని కాపాడే టీపీఎం చిప్ అనుమానపడి ఆ కీ అడగవచ్చు. అప్పుడు అది దొరకకపోతే డిస్కులో ఉన్నదంతా తాళం పడినట్టే. బ్యాకప్‌కు రెండు బయటి డిస్కులు పెట్టించాను. కాపీ కాగానే తీసేయాలి, తగిలించి వదిలేసిన డిస్కును రాన్సమ్‌వేర్ కూడా వదలదు. కాపీ చేసిన వర్చువల్ మెషీన్‌ను వేరే కంప్యూటరులో తెరిచి, పాత వేబిల్లు (తూకం చీటీ) ఒకటి ప్రింటు తీసి చూపించాకే నేను ఒప్పుకున్నాను.

ఇక మిగిలింది ట్యాలీ ఉన్న ఆఫీసు కంప్యూటరు. అందులోని విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది, ఆ కంప్యూటరులోని ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరేమో విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో లేదు. షరతులను దాటవేసి ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి గానీ, రైతుల డబ్బు లెక్కలున్న యంత్రానికి అలాంటివి వద్దని మిల్లు సేటుకు నేనే ఫోనులో చెప్పాను. వానాకాలం వడ్లు మిల్లుకు రాకముందే కొత్తది కొనడానికి ఆయన ఒప్పుకున్నారు.