బదిలీ లేని ఉద్యోగం

2019 ఏప్రిల్ 10, రాత్రి పదకొండున్నర. అందరూ పడుకున్నారు, మామయ్యగారు తప్ప. ఆయన సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఆంధ్రలో పోలింగ్ చూస్తున్నారు. అక్కడిప్పుడు ఉదయం పది.

నాకు నిద్ర పట్టనిది మాత్రం ఓట్ల వల్ల కాదు, టికెట్ల వల్ల. పోయిన నెల చెప్పాను కదా, మంగళవారం మా డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు మ్యాచ్‌కి కొన్న రెండు టికెట్లను మా ఆఫీసులో ఒకావిడ అదే ధరకు ఇస్తానన్నదని, నేను వద్దన్నానని. పెద్దాడికి మర్నాడు పరీక్ష. పైగా "డర్క్ వచ్చే ఏడాదీ ఆడతాడు, మానేస్తానని చెప్పలేదు కదా" అని ఒక మాట వచ్చింది మా ఇంట్లో. ఆ మాట నేనే అన్నానని ఈయన అంటారు. ఈయనే అన్నారని నేనంటాను. నిన్నటి నుంచి తేలలేదు.

నిన్న ఆ డర్క్, మా డల్లాస్ జట్టు డర్క్ నోవిట్స్కీ, ముప్ఫై పాయింట్లు కొట్టాడు. జట్టు మొదటి పది పాయింట్లూ అతనివే. ఆట అయ్యాక లారీ బర్డ్, చార్లెస్ బార్క్లీ, స్కాటీ పిప్పెన్ లాంటి పాతతరం మహామహులు వచ్చి కోర్టు మీద నిలబడ్డారు. అప్పుడు డర్క్ మైకు పట్టుకుని, సొంత ఊళ్ళో ఇదే నా చివరి ఆట అన్నాడు. అంతటివాళ్ళు ఊరికే వస్తారా? వాళ్ళకు ముందే తెలుసు. ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో, ఇంకా తొమ్మిది సెకన్లు ఉండగా, అవతలి జట్టు కోచ్ డాక్ రివర్స్ ఆట ఆపించి, మైకు తీసుకుని, ఇతనికి చప్పట్లు కొట్టండని తన జనాన్నే అడిగాడు. ఆయనకూ తెలుసు. తెలియనిది మా ఇంటికే.

మియామీ జట్టు ఆటగాడు డ్వేన్ వేడ్‌ను చూడండి. సీజన్ మొదలు కాకముందే ఇదే ఆఖరని చెప్పేశాడు. ఊరూరా జెర్సీలు మార్చుకుంటూ ఏడాది పొడుగునా వీడ్కోలే. అతని చివరి ఆట కూడా ఈ రాత్రే, బ్రూక్లిన్‌లో. నాకు వేడ్ అంటే ఎందుకు పడదో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. డర్క్‌కు జ్వరం వస్తే కెమెరాల ముందు దొంగ దగ్గు దగ్గిన మనిషి. అయినా ఈ ఒక్క విషయంలో అతనే నయం. టికెట్ కొనుక్కునేవాళ్ళకు సమయం ఇచ్చాడు.

ఆ దగ్గు సంగతి డల్లాస్‌కూ మియామీకీ మధ్య జరిగిన 2011 ఫైనల్స్‌లోది. అప్పటికి నేను డల్లాస్ పక్కనున్న ఈ అర్వింగ్ వచ్చి ఐదు నెలలు. డిపెండెంట్ వీసా, ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఎవరి దగ్గరో నలభై డాలర్లకు కొన్న టీవీ, దానికి యాంటెనాతో వచ్చే నాలుగైదు చానెళ్ళు. ఖోఖో తప్ప మరో ఆట తెలియనిదాన్ని, బాస్కెట్‌బాల్ అలా గతిలేక నేర్చుకున్నాను. ఆ రాత్రి మియామీలో రెండో మ్యాచ్. మొదటిది డల్లాస్‌వాళ్ళు అప్పటికే ఓడారు. ఇందులోనూ ఏడు నిమిషాలే ఉన్నాయి, పదిహేను పాయింట్ల వెనకబాటు. "అయిపోయింది, పడుకో" అని ఈయన లోపలికి వెళ్ళిపోయారు. నేను పడుకోలేదు, ఆట మీద ఆశతో కాదు, మర్నాటి ఆవకాయకు వెల్లుల్లి ఒలవాలి కాబట్టి. ఒళ్ళో పళ్ళెం, గోళ్ళ సందుల్లో మంట. ఒక్కొక్క రెబ్బా ఒలుస్తుంటే తేడా కరుగుతూ వచ్చింది. మొదటి మ్యాచ్‌లో డర్క్ ఎడమ చేతి మధ్యవేలి నరం తెగింది. చివరికి మూడున్నర సెకన్లు ఉన్నాయనగా ఆ ఎడమ చేత్తోనే బంతిని బుట్టలో వేశాడు. గెలిచారు. నేను ఎప్పుడు లేచానో తెలియదు, వెల్లుల్లి గదంతా చెల్లాచెదురు. కింది ఇంటివాళ్ళు దేనితోనో మా నేలను టకటకా పొడిచారు. గోల చేస్తున్నానని కోపమేమో అని బిక్కచచ్చి కూర్చున్నాను. తర్వాత వినిపించింది, వాళ్ళూ కేకలు వేస్తున్నారు. ఆ ఇల్లు ఖాళీ చేసే రోజున కూడా సోఫా కింద ఎండిన రెబ్బ ఒకటి దొరికింది.

సరే, ఈ రాత్రి సంగతి. శాన్ ఆంటోనియోలో డర్క్ చివరి ఆట మొదలయ్యే ముందు అతని మీద ఒక వీడియో వేశారు. ఏడడుగుల మనిషి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు, కళ్ళు తుడుచుకుంటూ. మామయ్యగారు మిగిలిన ఉగాది బొబ్బట్టు తింటూ ఆగారు.

"ఎవరమ్మాయీ ఈ పొడుగాయన? ఎందుకేడుస్తున్నాడు?"

"రిటైరవుతున్నాడు మామయ్యగారూ."

"సర్వీసెంత?"

"ఇరవై ఒక్క ఏళ్ళు. అంతా డల్లాస్‌లోనే."

"బదిలీ లేకుండానా?" విద్యుత్ శాఖలో పదకొండు బదిలీలు చూసిన మనిషికి నమ్మకం కుదరలేదు. "ఎవరి సిఫారసు?"

సిఫారసు లేదని, పైగా 2014లో బయట ఏడాదికి దాదాపు మూడింతలు ఇస్తామన్నా వద్దని, మూడేళ్ళకు 25 మిలియన్ డాలర్లకు ఇక్కడే సంతకం పెట్టాడని చెప్పాను. "పిల్లల చదువుల కోసమా?" అన్నారు. ఆట జరుగుతున్న శాన్ ఆంటోనియో అతని సొంత ఊరు కాదని, ఈ వీడియో వేసినవాళ్ళు ప్రత్యర్థులని చెప్పాక ఇంకేమీ అడగలేదు. బొబ్బట్టు ముగించారు.

ఎనిమిదిన్నరకు మాత్రం రిమోట్ తీసుకున్నారు. అక్కడ ఏడు, పోలింగ్ మొదలు. "ఎన్నికలు ఐదేళ్ళకోసారి వస్తాయి" అని ఈయన తండ్రి పక్షం. మరి ఇది? పైకి అనలేదు. గిన్నెలు కడుగుతూ, కిటికీ గట్టు మీద ఫోను ఆనించి ఆట చూశాను. సరిగ్గా అతను షాట్‌కు లేచినప్పుడే బొమ్మ ఆగిపోయి గుండ్రంగా తిరిగేది. పడిందో లేదో తెలిసేసరికి అందరూ అవతలి కొసకు పరుగెత్తుతుండేవారు. టీవీలో బూత్ ముందు వరుసలు, అవే వరుసలు మళ్ళీ మళ్ళీ. ఆ వరుసలు పారిపోవు కదా!

ఇందాకటి నుంచి డర్క్ ముందే చెప్పలేదని ఇంత రాశాను కానీ, ఆ వంగిన మనిషి కళ్ళలోంచి పోవడం లేదు. పరాయివాళ్ళు వేసిన ఒక్క వీడియోకే అలా అయ్యాడు. 2011లో గెలిచినప్పుడూ కప్పు అందుకోకముందే ఏడవడానికి లోపలికి పరుగెత్తాడు. ముందే చెప్పి ఉంటే ఈ ఏడాదంతా ఊరూరా ఇదే తంతు. తట్టుకునేవాడా? చెప్పకపోవడమే సరేమో. అలాగని ఈ ఏడాది చూడముచ్చటగా ఆడాడని అనలేను. చీలమండ ఆపరేషన్ అయ్యాక డిసెంబరుకు గానీ దిగలేదు. వెనక్కి పరుగెత్తుతుంటే మా మామయ్యగారు మెట్లు దిగినట్టే. రెండేళ్ళ క్రితమే ఆపాల్సిందని నేనే చాలాసార్లు అన్నాను. ఈ రాత్రి ఓడిపోయారు కానీ అతనివి ఇరవై పాయింట్లు, పది రీబౌండ్లు, అంటే గురి తప్పిన బంతిని పదిసార్లు అందుకున్నాడు. నా నోటిని నమ్మకండి.

ఆ టికెట్ల మాట అన్నది ఈయనే. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.

పెద్దాడు రేపు బడికి డర్క్ 41 నంబరు చొక్కా వేసుకెళ్తాడట. సాయంత్రం ఉతకడానికి వేశాను, డ్రయ్యర్‌లో వేయడం మరిచాను. లేవాలి.