పూట లెక్క

మేం ఇంగ్లండ్ వచ్చిన మొదటి చలికాలం. ఉదయం తొమ్మిదీ నలభై అయింది. ఒక పెద్దావిడకు స్నానం చేయిస్తున్నాను, జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడకు తువ్వాలు చుట్టి కూర్చోబెట్టి చూస్తే బాబు స్కూల్ ఆఫీసు. "మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు, ఎక్కడున్నాడు?" అని అడిగారు. జ్వరం వచ్చిందండీ, ఇంట్లో వాళ్ల నాన్న దగ్గరున్నాడు అన్నాను. "సరే, ఇకమీదట ఉదయమే ఫోన్ చేసి చెప్పండి" అని పెట్టేశారు. నాకు మాత్రం చాలాసేపు గుండె దడ తగ్గలేదు. బాపట్లలో మా బడిలో జ్వరం వస్తే నాలుగు రోజులు మానేసి, ఐదో రోజు నాన్న చేత సెలవు చీటీ రాయించుకుని వెళ్లేదాన్ని. ఆ చీటీ కూడా లేకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

నేను కేర్ వర్కర్‌ని. వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానాలు, టిఫిన్లు, మందులు చూసుకోవడం నా పని. కేర్ వర్కర్లకు 2022 ఫిబ్రవరిలో వీసా దారి తెరిచారు, ఆ ఏడాది చివర్లో మేం వచ్చాం. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు భర్తను, పిల్లలను వెంట తెచ్చుకునే వీలు లేకుండా చేశారు. అంతకుముందే రాబట్టి మేం నలుగురం ఒకచోట ఉన్నాం. ఆ మాట తలుచుకోని రోజు లేదు.

మా ఆయనకు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. పొద్దున 6:40కి ఆయన ఇంట్లో అడుగుపెడితే 6:45కి నేను బయట పడాలి. పిల్లలిద్దర్నీ లేపి, తయారుచేసి, బస్సులో బడికి దింపే పని ఆయనదే. రాత్రంతా పెట్టెలు మోసిన మనిషి. ఒక్కోరోజు బస్సు రాదు. ఒక్కోరోజు పిల్లలు పాలు తాగేలోగా ఆయనకు సోఫాలోనే కన్నంటుకుంటుంది. బడి గేటు 8:40కి తీస్తారు, 8:50కి పేర్లు పిలుస్తారు. మావాడు 8:58కి ఒకసారి, 9:05కి ఒకసారి వెళ్లేవాడు. కాస్త ఆలస్యమే కదా, బడికైతే వెళ్తున్నాడు కదా అనుకున్నాం. 2024 నవంబరు, డిసెంబరుల్లో మూడుసార్లు మాత్రం 9:20 దాటింది. ఆ మూడు రోజులకూ మిగతావాటికీ తేడా ఉంటుందని మాకు అప్పటికి తెలియదు.

2025 జనవరి రెండో వారం. బడులు తెరిచి నాలుగు రోజులైంది. తెల్లవారుజామున మా ఆడపడుచు ఫోన్. "వదినా, అమ్మ లేదు" అని, ఇక మాట్లాడలేకపోయింది. అత్తయ్యకు మా ఆయన ఒక్కడే కొడుకు. తలకొరివి పెట్టాల్సింది ఆయనే. ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచి మా కోసం ఆగారు. దొరికిన టికెట్లు కొనుక్కుని మర్నాడే బయల్దేరాం. ఎయిర్‌పోర్టు నుంచే స్కూల్‌కు మెయిల్ పెట్టాను. హెడ్ టీచర్ చాలా ఆదరంగా జవాబిచ్చారు. సంతాపం చెప్పి, ఐదు రోజులు సెలవు మంజూరు చేస్తున్నామన్నారు.

ఐదు రోజులు! దహనం, చిన్న కర్మ, పదకొండో రోజు, పన్నెండో రోజు. పెద్ద కర్మ కాకుండా కొడుకు ఎలా కదులుతాడు? ఇంకొన్ని రోజులు కావాలని రాయాలని కూడా ఆ ఇంట్లో, ఆ ఏడుపుల మధ్య నాకు తట్టలేదు. పన్నెండో రోజు భోజనాలయ్యాక మర్నాడు బయల్దేరాం. సెలవు ఇచ్చిన ఐదు రోజులు పోను, పిల్లలు ఇంకో నాలుగు రోజులు బడి మానారు.

ఫిబ్రవరిలో రెండు కవర్లు వచ్చాయి, మావాడు బడి మానినందుకు జరిమానా నోటీసులు. ఒకటి నా పేరున, ఒకటి ఆయన పేరున. 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, 28 రోజుల్లోపు అయితే 160. జరిమానా పిల్లాడికి కాదు, తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికీ విడివిడిగా వేస్తారు. ఇద్దరు పిల్లలైతే దానికి రెట్టింపు. మా పాప రిసెప్షన్ క్లాసు, అంటే ఇక్కడ ఒకటో తరగతికి ముందుది, అప్పటికి ఇంకా ఐదేళ్లు నిండలేదు. ఐదు నిండిన తర్వాతి టర్మ్ నుంచే చదువు చట్టప్రకారం తప్పనిసరి అవుతుంది కాబట్టి దాని పేరున ఏమీ రాలేదు. ఇద్దరికీ కలిపి 160 పౌండ్లు. నా జీతం లెక్కన అది పదమూడు, పద్నాలుగు గంటల పని. డబ్బుకన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది వీసా. ఇది పోలీసు కేసు అవుతుందా, మా రికార్డులో మచ్చ పడుతుందా అని ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు స్కూల్ అటెండెన్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను. ఇక్కడ పిల్లల తల్లిని స్కూల్లో చాలామంది పేరుతో పిలవరు, 'మమ్' అంటారు. ఆవిడా అలాగే పిలిచి, కూర్చోబెట్టి, మావాడి రిజిస్టర్ ప్రింట్ తీసి నా ముందు పెట్టింది. గళ్లు, గళ్లలో అక్షరాలు. అప్పుడు తెలిసింది, ఇక్కడ లెక్క రోజులది కాదు, పూటలది. మన ఒంటిపూట బడుల్లోని పూటే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి హాజరు వేస్తారు. ఏడాదికి 190 రోజులు, అంటే 380 పూటలు. ఉంటే ఒక ఏటవాలు గీత. లేకపోతే ఎందుకు లేడో చెప్పే ఒక అక్షరం. ఒంట్లో బాగోకపోతే 'ఐ', డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే 'ఎమ్', ప్రత్యేక పరిస్థితుల్లో హెడ్ టీచర్ సెలవిస్తే 'సి', అనుమతి లేకుండా టూరు వెళ్తే 'జి', అనుమతి లేని ఇంకే కారణమైనా 'ఓ'. కారణం తెలియకపోతే ముందు 'ఎన్' వేస్తారు, ఐదు బడి రోజుల్లోపు దాన్ని తీసేసి అసలు అక్షరం వేయాలి. నా ఫోన్ ఆ రోజు మోగింది ఈ 'ఎన్' కోసమే.

ఆలస్యానికి రెండు అక్షరాలున్నాయి. పేర్లు పిలిచాక, రిజిస్టర్ మూసేలోపు వస్తే 'ఎల్'. అది హాజరు కిందే లెక్క. మూసేశాక వస్తే 'యూ'. పిల్లాడు ఆ తర్వాత మధ్యాహ్నం దాకా క్లాసులోనే కూర్చున్నా సరే, ఆ పూట అనుమతి లేని గైర్హాజరు. రిజిస్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో బడి నిర్ణయించుకుంటుంది, అరగంట మించకూడదని ప్రభుత్వం చెప్పింది. మా బడిలో 9:20. మావాడు 9:05కి వెళ్లిన రోజు 'ఎల్', 9:24కి వెళ్లిన రోజు 'యూ'. ఆవిడ పెన్నుతో గుండ్రాలు చుట్టింది. జనవరిలో నాలుగు రోజులకు ఎనిమిది 'ఓ'లు, చలికాలపు 'యూ'లు మూడు. మొత్తం పదకొండు. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటా ఒకటే నియమం పెట్టారు. పది బడి వారాల వ్యవధిలో అనుమతి లేకుండా మానిన పూటలు పది అయితే, జరిమానా వేయించాలా అని బడి ఆలోచించాల్సిందే. జరిమానా 60 నుంచి 80కి పెంచిందీ అప్పుడే. ఆ మూడు బస్సులు తప్పకపోయి ఉంటే మా లెక్క ఎనిమిది దగ్గరే ఆగేది.

ఆ కాగితం చూస్తూ నేను ఏడ్చాను. అమ్మ చనిపోయి కొడుకు కర్మకాండ చేసిన రోజులను, బస్సు తప్పిన రోజులను ఒకే వరుసలో పెట్టి కూడతారా? అది తప్పని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. పన్నెండు రోజుల సంప్రదాయం మాకు ఉందని ఆ హెడ్ టీచర్‌కు ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను. "ముందే ఇంకో మెయిల్ పెట్టి ఉంటే అడిగి చూసేవాళ్లం" అని ఆవిడ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. అవే రోజులు, అదే చావు. నేను రెండు వాక్యాలు రాసి ఉంటే 'ఓ'ల స్థానంలో 'సి'లు పడేవేమో.

ఈ జరిమానా మీద అప్పీలు చేసుకునే హక్కు లేదు. కట్టాలి, లేదా కోర్టుకు సిద్ధపడాలి. కట్టేస్తే అక్కడితో ఆగిపోతుంది, కోర్టు శిక్ష కిందికి రాదు. ఇది తెలిశాకే నాకు ఊపిరి ఆడింది. కట్టకపోతే 1996 విద్యా చట్టం 444వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. మూడేళ్లలోపు అదే పిల్లాడికి రెండోసారి జరిమానా పడితే నేరుగా 160, తగ్గింపు ఉండదు. మూడోసారైతే జరిమానా నోటీసుతో పోదు, కోర్టు దాకా వెళ్లవచ్చు. అక్కడ 2,500 పౌండ్ల వరకు వేయవచ్చు. మేం వారంలోపే కట్టేశాం.

ఈ చట్టంలో పిల్లలు బడికి 'క్రమం తప్పకుండా' రావాలని ఉంది. ఆ మాటకు అర్థం ఏమిటని ఇక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఐల్ ఆఫ్ వైట్ దీవికి చెందిన జాన్ ప్లాట్ అనే తండ్రి 2015లో కూతుర్ని బడి రోజుల్లో ఫ్లోరిడా తీసుకెళ్లి, జరిమానా కట్టనన్నాడు. మిగతా ఏడాదంతా నా కూతురు బాగానే వెళ్లింది కదా అన్నాడు. కింది కోర్టు, హైకోర్టు ఆయన మాటే ఒప్పుకున్నాయి. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. క్రమం తప్పకుండా అంటే బడి పెట్టిన నియమాల ప్రకారం అని తేల్చింది. స్కాట్లండ్‌లో ఇలాంటి జరిమానాలు లేవు. సరిహద్దు దాటితే లెక్క మారుతుంది.

2023-24లో ఇంగ్లండ్‌లో వేసిన ఇలాంటి జరిమానాలు సుమారు 4,87,000. పదింట తొమ్మిది సెలవుల టూర్ల కోసమే. అందులో మనవాళ్లూ ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేను. ఇక్కడ పెద్ద సెలవులు జూలై చివర నుంచి ఆరు వారాలు. అప్పుడు టికెట్లు మండిపోతాయి. పైగా మన దగ్గర జూన్‌లోనే బడులు తెరుస్తారు. మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు యూనిఫాంలు వేసుకుని వెళ్లిపోతే, మనవాళ్లు వరండాలో సాయంత్రం దాకా వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. మామిడిపళ్లూ అయిపోతాయి. తల్లులకు ఆ బాధ చిన్నది కాదు. కానీ జ్వరమని అబద్ధం చెప్పి విమానం ఎక్కొద్దని మాత్రం నేను కనబడిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను. తిరిగొచ్చిన రోజు పిల్లలు క్లాసులో తాతయ్య, గేదె, సముద్రం అని చెప్పుకోకుండా ఉండలేరు. వాళ్ల చేత అబద్ధం ఆడించడం జరిమానాకన్నా ఘోరం.

మా ఊళ్లో మా చెల్లెలికి ఇదంతా చెబితే ఆశ్చర్యపోయింది. 2020లో మొదలైన అమ్మ ఒడి పథకంలో దాని ఖాతాలో ఏడాదికోసారి డబ్బు పడేది. దానికి 75 శాతం హాజరు ఉండాలని నిబంధన. "ఇక్కడ పిల్లలు వెళ్తే తల్లికి డబ్బులిచ్చారు, అక్కడ వెళ్లకపోతే తల్లి దగ్గర తీసుకుంటున్నారా అక్కా?" అంది. నేను ఆలోచిస్తే, నాతో చదువుకున్న ఒక అమ్మాయి ఏడో తరగతిలో మిరపకోతలకు వెళ్లి మళ్లీ బడికి రాలేదు. తొమ్మిదీ నలభైకి ఎవరూ ఫోన్ చేసి "ఎక్కడుంది?" అని అడగలేదు. ఆ ఫోన్‌ను నేను ఇప్పుడు తిట్టుకోలేను.

అటెండెన్స్ ఆఫీసరే మాకొక దారి చూపింది. బడిలో 7:45కే బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ తెరుస్తారు. కొంచెం డబ్బు కట్టాలి, కానీ పిల్లలు అక్కడే తిని నేరుగా క్లాసుకు వెళ్తారు. మా ఆయన షిఫ్ట్ నుంచి రాగానే కూర్చోకుండా పిల్లల్ని తీసుకెళ్లి దింపి, వచ్చాకే పడుకోవడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి తర్వాత మావాడికి 'ఎల్'లు రెండు పడ్డాయి. 'యూ' ఒక్కటీ లేదు.

జూలైలో ఏడాది రిపోర్టు వచ్చింది. హాజరు 92.9 శాతం. మానిన పూటలు 27, అందులో ఆరు జ్వరానివి. సెలవు మంజూరు చేసిన పూటలు కూడా గైర్హాజరు కిందే కలుస్తాయి. వాటికి జరిమానా ఉండదు, అంతే. 90 శాతంకన్నా దిగలేదు కాబట్టి తరచూ మానేసే పిల్లల జాబితాలో వాడి పేరు లేదు. మావాడు నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని చూశాడు.

"ఇందులో నాయనమ్మ కోసం వెళ్లిన రోజులు కూడా ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి నాన్నా."

"ఎన్ని?"

"పద్దెనిమిది పూటలు."

వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అత్తయ్య ఫొటో ఉన్న అల్మారాలో పెట్టాడు.