దిగువ ఎటు?

మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. ఇరవై ఏళ్లకే ప్రొక్లెయిన్ ఎక్కాను. ఇసకపల్లి వైపు ఎన్ని రొయ్యల గుంటలకు గట్లు పోశానో లెక్క లేదు. ఆ నేల పైకి ఎండిపోయి బీటలు తీసి కనిపిస్తుంది, లోపలంతా అడుసు. తాటి దుంగలు పరిచి, వాటి మీద బండి నడిపి, దాటేసిన దుంగను బకెట్‌తో ఎత్తి మళ్లీ ముందు వేసుకుంటూ పోవాలి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లో, మా ఊరి మురుగు కాలువలో పూడిక తీయబోతే నా బండి క్యాబిన్ దాకా దిగబడింది. మూడో రోజుకు రెండు బండ్లు కట్టి లాగితే బయటపడింది. కాలువ పని మాత్రం అక్కడే ఆగిపోయింది.

మరుసటి ఏడు మలేషియా వెళ్లాను. జొహోర్ రాష్ట్రంలో బాతు పహాత్ ప్రాంతం. అక్కడ చాలా ఊళ్ల పేర్లు ‘పరిత్’తో మొదలవుతాయి. పరిత్ అంటే వాళ్ల భాషలో కాలువ. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఆ బాధ ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు అక్కడ నేను నడిపిన బండి గురించి చెప్పాలి.

మామూలు బండికి చైన్లుండే చోట దీనికి రెండు ఇనుప పడవల్లాంటివి ఉన్నాయి. పాంటూన్లంటారు. చైను వాటి చుట్టూ తిరుగుతుంది, చైనుకు అడ్డంగా ఇనుప పట్టీలు. బురదలో ఆ పట్టీలే పాదాలు, నీళ్లలో అవే తెడ్లు. పైన కూర్చున్నది నేను మా ఊళ్లో నడిపినటువంటి ఇరవై టన్నుల బండే. నేను దిగితే మోకాలి లోతు కూరుకుపోయిన చోట అది పైపైనే నడిచిపోయింది. బరువంతా అంత వెడల్పున పరుచుకోవడమే దాని బలం. లోతు నీళ్లలోకి పోతే తేలుతుంది. మా ఊరి కాలువ దగ్గర మూడు రోజులు నా బండి చుట్టూ తిరిగిన నాకు అది చూసి గొంతు పట్టేసింది.

పాంటూన్ లోపల ఒకటే డొల్ల ఉండదు, ఇనుప గోడలతో గదులు గదులుగా ఉంటుంది. మొద్దు తగిలి ఒక గదికి చిల్లు పడినా తక్కినవి మోస్తాయి. అందుకే తెల్లారగానే ఒక్కో గది మూత విప్పి, లోపల నీళ్లున్నాయేమో చూసి, ఉంటే తోడి, మూత బిగించాకే ఇంజను వేయాలి. ఆరో నెలలో ఒక మూత నేను సరిగా బిగించలేదు. పది గంటలకు కాలువ నడుమ ఉన్నాను. బకెట్ నిండా కలుపు, బూమ్, అంటే బండి చెయ్యి, పక్కకు చాచి ఉంది. కుడి పాంటూన్ మీద నీటి గీత రెండు వేళ్లు పైకి వచ్చినట్టు అనిపించింది.

ఆ రెండు వేళ్లు గమనించానంటే అది మా తాత పెట్టిన భిక్ష. బకింగ్‌హాం కాలువలో ఉప్పు, సర్వి కట్టెలు మద్రాసుకు చేరవేసిన పడవ మనిషి ఆయన. “రేయ్, ముందు నీటి గీత చూడు, తర్వాతే నీ పని” అనేవాడు. బకెట్ ఖాళీ చేసి, బూమ్‌ను బండి పొడవుకు తిప్పుకుని, ఎక్కడా కుదుపు రానీకుండా గట్టుకు చేరాను. అప్పటికి ఆ గది సగం నిండి ఉంది.

అక్కడ మా మేస్త్రి తాతల నాటి నుంచి మలేషియాలో ఉన్న తెలుగు మనిషి. మాట విశాఖ వైపు యాస. ఒకరోజు కాలువను ఇంకాస్త లోతు తీస్తున్నాను. “ఏటి తమ్ముడూ, అంత లోతు దేనికి?” అంటూ ఆపేశాడు. అక్కడిది పీట్ నేల, కుళ్లీ కుళ్లని ఆకూ కట్టే వేల ఏళ్లుగా పేరుకున్నది. నీళ్లు ఎక్కువ లాగేస్తే ఎండి కుంగిపోతుంది, నిప్పు పడితే లోలోపల రోజుల తరబడి కాలుతుంది. ఎంత లోతు తీస్తే అంత మంచిదని అన్నాళ్లూ నమ్మినవాణ్ణి నేను.

గుర్రపుడెక్క అక్కడా ఉంది. వాళ్లు ‘కెలాది బుంటింగ్’ అంటారు, కడుపుతో ఉన్న చేమ అని. ఉబ్బిన ఆ కాడలకు ఎంత సరిపోయిందో! తీసేటప్పుడు దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు పోతాం. తెగిన ముక్కలు కొట్టుకుపోకుండా దిగువన అడ్డంగా తాడు కడతాం. తీసిన కలుపును గట్టు అంచున వదలం, దూరంగా వేస్తాం. దానిలో ఉన్నదంతా నీరే కాబట్టి నాలుగు ఎండలకు కొండంత కుప్ప చాటెడు అవుతుంది. మా ఊళ్లో ఇన్నేళ్లూ గట్టు మీద నిలబడి చేయి అందినంత వరకే తీసి, ఆ అంచునే పోశాం. మొదటి వానకే అది మళ్లీ కాలువలోకి జారేది. డబ్బులూ పోయేవి, పొలాలూ మునిగేవి.

మాకు నవంబరులో వానలు తెచ్చే ఈశాన్య గాలే అక్కడా కురిపిస్తుంది. 2023 మార్చిలో బాతు పహాత్ చుట్టుపక్కల వారాల తరబడి నీళ్లు నిలిచాయి. బండి ఉన్నంత మాత్రాన వరద రాదని నేననను. కానీ కాలువలోకే దిగి పని చేయగల బండి ఉన్నచోట మనిషికి ఒక దారి ఉంటుంది.

సెలవుకు వచ్చినప్పుడు మా మురుగు కాలువ ఫొటో తీసి మేస్త్రికి పంపాను. కలుపు కనపడదా, లోతు అడగడా అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే: “దిగువ ఎటు?”

తెల్లారి గట్టు వెంట నడుచుకుంటూ సముద్రం వైపు పోయాను. కాలువ కలిసే చోట ఇసుక మేట వేసి ఉంది, దాని మీద చిల్లచెట్లు నా ఎత్తు పెరిగి ఉన్నాయి. ఆ చోటు కూడా ఫొటో తీసి పంపాను.